వెస్ట్ ఆక్లండ్ మైదానానికి ఒక్క శనివారం రండి: ఈశాన్య ఇంగ్లండ్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఈశాన్య ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు, మిడిల్స్‌బ్రో, సండర్లండ్, న్యూకాసిల్, డరమ్ ఊళ్లలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు నమస్కారం.

మీలో చాలామంది నాకు తెలుసు. బతుకమ్మ పేర్చటానికి ఇక్కడ తంగేడు దొరకదని, పసుపుపచ్చని పూల కోసం తోటల వెంట తిరిగిన అక్కలు తెలుసు. ఉగాది హాలు అద్దెకి చందాలు పోగయ్యేదాకా మీరు పడే టెన్షన్ తెలుసు. ఆ చనువుతోనే ఒకటి అడుగుతున్నాను. మనం ఉంటున్న ఈ డరమ్ కౌంటీలో వెస్ట్ ఆక్లండ్ అని ఒక ఊరుంది. బిషప్ ఆక్లండ్ నుంచి ఐదారు కిలోమీటర్లు. ఆ ఊరికి వెస్ట్ ఆక్లండ్ టౌన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. వచ్చే సీజన్‌లో ఒక శనివారం మీ సభ్యులందరినీ పిల్లాజెల్లాతో ఆ క్లబ్బు ఆటకి తీసుకురండి. ఎందుకని అడిగితే మాత్రం ఒక్క మాటలో చెప్పలేను, ఆ క్లబ్బు కథంతా చెప్పాలి.

నేను ఇల్లెందు బొగ్గుట్టలో పుట్టాను. మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో (అంటే గంపా పారతో) బతుకంతా బొగ్గు ఎత్తి టబ్బుల్లో పోసిన మనిషి. బాయి (గని) సైరన్‌కి మేము నిద్ర లేచేవాళ్లం, సైరన్‌కే అన్నం తినేవాళ్లం. ఆదివారాన్ని మా కాలనీలో ఎవరూ ఆదివారం అనేవారు కాదు, ప్లేడే అనేవారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చిన్నప్పుడు నాకు తెలియదు. తెల్లదొరల బొగ్గుబాయిల నుంచి వచ్చిందని ఈ దేశానికి వచ్చాకే అర్థమైంది.

పదేళ్ల కిందట, కొత్తగా ఇక్కడికి వచ్చిన చలికాలంలో, పనిమీద వెస్ట్ ఆక్లండ్ వెళ్లాను. బస్సు కోసం ఎదురుచూస్తూ ఊరి మధ్య పచ్చికలో ఉన్న విగ్రహం దగ్గర నిలబడ్డాను. పక్కనే కుక్కని తిప్పుతున్న ముసలాయన ఏ ఊరని అడిగాడు. ఇండియా అన్నాను, మా నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడన్నాను. ఆయన ఆగిపోయాడు. ‘మా నాన్న కూడా’ అన్నాడు. తర్వాత ఆ విగ్రహం వెనకున్న కథ చెప్పటం మొదలుపెట్టాడు. నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇంకో బస్సు కూడా వెళ్లిపోయింది.

ఆ రోజు విన్నదానికి, ఆ తర్వాత పదేళ్లుగా చదివి, అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

1909లో సర్ థామస్ లిప్టన్ ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీకి వెండి కప్పు ఇచ్చాడు. అవును, మన ఇళ్లలో టీ పొడి ప్యాకెట్ మీద ఉండే లిప్టనే. గ్లాస్గోలో కిరాణా కొట్టుతో మొదలై, 1890లో సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంకలో) తేయాకు తోటలు కొన్న కోటీశ్వరుడు. ఆ తోటల్లో ఆకు కోసింది మన పక్కనున్న తమిళనేల నుంచి వెళ్లిన కూలీలు. ఆ కప్పు గురించి ఇక్కడివాళ్లు రాసినప్పుడు ఈ సంగతి రాయరు. మనం మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

పోటీకి జర్మనీ నుంచి స్టట్‌గార్ట్ జట్టు వచ్చింది, స్విట్జర్లండ్ నుంచి వింటర్‌థూర్ వచ్చింది, ఆతిథ్య నగరం ట్యూరిన్ ఒక ఉమ్మడి జట్టుని దింపింది. ఇంగ్లండ్ నుంచి జట్టుని పంపటానికి ఇక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒప్పుకోలేదు. ఆఖరికి వెళ్లింది వెస్ట్ ఆక్లండ్. డరమ్ బొగ్గుబాయిల్లో పనిచేసేవాళ్లతో నిండిన జట్టు, ఈ ప్రాంతపు చిన్న క్లబ్బులు ఆడే నార్తర్న్ లీగ్‌లో కూడా పెద్ద పేరు లేని జట్టు. వీళ్లకే పిలుపు ఎందుకు వచ్చిందో చెప్పటానికి ఒక కథ బాగా వ్యాప్తిలో ఉంది. డబ్ల్యూ.ఏ. అనే పొడి అక్షరాలు చూసి, లండన్ క్లబ్బు వూలిచ్ ఆర్సెనల్‌కి పంపాల్సిన ఆహ్వానాన్ని పొరపాటున వెస్ట్ ఆక్లండ్‌కి పంపారని. వినటానికి బాగుంటుంది కానీ నాకు నమ్మబుద్ధి కాదు. అలాంటి కథలో వీళ్లు ఎవరో పొరపాటు చేస్తే తగిలిన అదృష్టవంతులైపోతారు. వీళ్లు పడ్డ కష్టం అందులో కనిపించదు.

ఆ కష్టం ఏమిటో బొగ్గుబాయి ఇంట్లో పెరిగినవాడిగా నేను ఊహించగలను. నాగా పెడితే ఆ రోజు కూలి లేదు. ట్యూరిన్ అంటే పడవ ఎక్కాలి, రోజుల తరబడి రైళ్లు మారాలి. అన్ని రోజులు మస్టర్ పడదు, జీతం రాదు. ఖర్చుల కోసం ఇంట్లో సామాన్లు అమ్ముకున్నారని, తాకట్టు పెట్టారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పైగా అది ఎలాంటి ఏడాదో చూడండి. 1909 ఫిబ్రవరి 16న ఇదే కౌంటీలోని వెస్ట్ స్టాన్లీ బాయిలో పేలుడు జరిగి 168 మంది చనిపోయారు. పెద్దవాళ్లతో పాటు బాయిలో పనిచేసే పిల్లలు కూడా. రెండు నెలలు తిరక్కుండానే వెస్ట్ ఆక్లండ్ కుర్రాళ్లు ట్యూరిన్ మైదానంలో ఉన్నారు. తన ఊరి బాయిలో కాకపోయినా, పక్కన ఎక్కడో బాయిలో ప్రమాదం జరిగిందంటే మా నాన్న ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. ఇంట్లోవాళ్లు ఈ కుర్రాళ్లని ఎలా సాగనంపారోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

సెమీఫైనల్లో స్టట్‌గార్ట్ మీద 2–0. ఏప్రిల్ 12న ఫైనల్లో వింటర్‌థూర్ మీద 2–0. కప్పు వీళ్లది.

గెలిచినవాళ్లు కప్పుని కాపాడుకోవటానికి మళ్లీ ఆడాలి కాబట్టి 1911లో మళ్లీ వెళ్లారు. మళ్లీ అప్పు. ఈసారి సెమీఫైనల్లో జ్యూరిక్ జట్టుని 2–0తో ఓడించారు. ఏప్రిల్ 17న ఫైనల్. ఎదురుగా యువెంటస్. మన పిల్లలు ఇవాళ చొక్కాల మీద పేరు వేసుకుని తిరుగుతున్న ఆ యువెంటసే, దాని సొంత ఊళ్లో. స్కోరు వెస్ట్ ఆక్లండ్ 6, యువెంటస్ 1. ఈ ఒక్క స్కోరు మీ పిల్లలకి చెప్పి వాళ్ల ముఖాలు చూడండి. మా అబ్బాయి మొదట నమ్మలేదు, నేను కల్పించి చెబుతున్నాననుకున్నాడు. రెండుసార్లు వరసగా గెలిచారు కాబట్టి నియమం ప్రకారం కప్పు శాశ్వతంగా వీళ్లదైపోయింది.

ఇది మొదటి ప్రపంచ కప్పా అని అడిగితే జవాబు తేలిక కాదు. మొదటి అధికారిక ప్రపంచ కప్పు 1930లో ఉరుగ్వేలో జరిగింది, ఫిఫా లెక్కలో అదే మొదటిది. ట్యూరిన్‌లో ఆడినవి దేశాల జట్లు కావు, క్లబ్బులు. ట్యూరిన్‌లోనే 1908లో ఇంకో పోటీ కూడా జరిగింది. కాబట్టి ఊళ్లోవాళ్లు ‘మొదటి ప్రపంచ కప్పు మాదే’ అంటే చరిత్ర పుస్తకాలు పట్టుకుని వాళ్లని సరిదిద్దటానికి నేను వెళ్లను, అలాగని మీకు అది అధికారిక సత్యమనీ చెప్పను. 1930కి 21 ఏళ్ల ముందే నాలుగు దేశాల నుంచి జట్లు ఒకచోట ఆడాయి, గెలిచింది బొగ్గుబాయి కుర్రాళ్లు. నాకు అది చాలు.

కప్పు గెలిచి ఊరికి వచ్చాక ఏమైందో విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ప్రయాణం అప్పులు తీర్చలేక క్లబ్బు కుదేలైంది. చేతిలో విలువైనది కప్పు ఒక్కటే. దాన్ని ఊళ్లో వీట్‌షీఫ్ అనే పబ్బు నడిపే ఆవిడ దగ్గర 40 పౌండ్లకి కుదువ పెట్టారు. మన ఊళ్లలో స్కూలు ఫీజుల కాలం వస్తే అమ్మల మెడలో గొలుసు ఎక్కడికి పోతుందో మనకి తెలుసు. విడిపించుకోవాలనే పెడతారు, ఏళ్లు గడిచిపోతాయి. ఈ కప్పుకీ అదే జరిగింది. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చి వెళ్లాయి, ఆడినవాళ్లలో చాలామంది ముసలివాళ్లయ్యారు, కప్పు మాత్రం ఆవిడ ఇంట్లోనే ఉంది. 1960లో ఊరు 100 పౌండ్లు పోగుచేసి ఆవిడకి ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. మధ్యలో సుమారు యాభై ఏళ్లు! ఆ యాభై ఏళ్లూ ఊరు దాన్ని మరిచిపోలేదన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన విషయం.

కప్పు తిరిగి వచ్చిన వేళావిశేషమో ఏమో, 1960లో, 1961లో వరసగా నార్తర్న్ లీగ్ గెలిచారు. 1961లోనే జీతం తీసుకోని ఆటగాళ్ల జట్ల కోసం నడిపిన అమెచ్యూర్ కప్ ఫైనల్ ఆడటానికి లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి వెళ్లి, వాల్తమ్‌స్టో అవెన్యూ చేతిలో 2–1తో ఓడారు. మళ్లీ వెంబ్లీ చూడటానికి అర్ధశతాబ్దం పట్టింది. చిన్న క్లబ్బుల కోసం నడిపే ఎఫ్.ఏ. వేజ్ పోటీలో 2012లో, 2014లో ఫైనల్ చేరారు, రెండుసార్లూ ఓడారు. 2014లో తేడా ఒక్క గోలు.

ఈ మధ్యలో 1994 ఉంది. ఆ జనవరిలో ఊళ్లోని వర్కింగ్ మెన్స్ క్లబ్బులో పెట్టిన కప్పుని దొంగలు ఎత్తుకెళ్లారు. మళ్లీ దొరకలేదు. ఇప్పుడు ఊళ్లో ఉన్నది అచ్చం అలాగే చేయించిన నకలు. ‘ఇది అసలుది కాదు’ అని చెప్పేటప్పుడు ఆ ముసలాయన గొంతు దిగిపోయింది. దాన్ని కరిగించేశారో, ఎవరి అటక మీదైనా ఉందో. దొరుకుతుందనే ఆశ ఊళ్లో కొందరికి ఇంకా ఉంది. నాకూ ఉంది.

ఈ కౌంటీ ఫుట్‌బాల్ గొప్పతనం ఈ ఒక్క ఊరితో అయిపోదు. పక్కనున్న బిషప్ ఆక్లండ్ అమెచ్యూర్ కప్పుని పదిసార్లు గెలిచింది. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో మాంచెస్టర్ యునైటెడ్ తన ఆటగాళ్లని పోగొట్టుకున్నప్పుడు, ఆ పెద్ద క్లబ్బుకి సాయంగా ఈ చిన్న క్లబ్బు తన ఆటగాళ్లని పంపింది. ఇక ఇంగ్లండ్ జాతీయ జట్టుకి ఆడిన డేవ్ థామస్ తాతయ్య, ట్యూరిన్‌లో ఆడిన వెస్ట్ ఆక్లండ్ జట్టులో ఒకడు. నార్తర్న్ లీగ్ 1889లో మొదలైంది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ తర్వాత ఇంత పాత లీగ్ ఇంకొకటి లేదు. 1889 అంటే మా ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన ఏడాది. ఈ రెండు తేదీలూ ఒకటేనని తెలిసిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న అప్పటికి లేడు. అమ్మకి చెప్పాను.

డరమ్ బొగ్గు ప్రాంతంలో ఇప్పుడు బొగ్గుబాయిలు లేవు. ఆఖరుది, సండర్లండ్‌లోని మంక్‌వేర్‌మౌత్, 1993 డిసెంబర్‌లో మూతపడింది. సండర్లండ్‌లో చదువుతున్న పిల్లలూ, మీరు ఫొటోలు దిగే స్టేడియం ఆఫ్ లైట్ ఆ బాయి ఉన్న చోటే కట్టారు. బయట ఉన్న పెద్ద దీపం బొమ్మ అలంకారం కోసం పెట్టింది కాదు, అది గని కార్మికుల దీపం. ఈసారి అటు వెళ్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.

బాయి మూతపడ్డాక ఊళ్లు ఎలా అవుతాయో ఇల్లెందువాడిగా నేను చూశాను. క్వార్టర్లు ఖాళీ అవుతాయి, సంతలో జనం పలచబడతారు, కుర్రాళ్లు పని వెతుక్కుంటూ ఊరొదిలి వెళ్తారు. అలాంటి ఊళ్లో మనుషులు ఇంకా కలుసుకునే చోటు ఏది మిగిలింది? ఇక్కడ మిగిలినవాటిలో ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి. నార్తర్న్ లీగ్ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నిచ్చెనలో తొమ్మిదో మెట్టు, పదో మెట్టు. అక్కడ టీవీ డబ్బు ఉండదు. గేటు దగ్గర టికెట్టు, టీ బార్‌లో అమ్మే టీ, ‘పై’ అనే తినుబండారం, లాటరీ టికెట్లు, ఊళ్లో వ్యాపారస్తులు ఇచ్చే చిన్న స్పాన్సర్‌షిప్‌లు, వీటితోనే ఏడాది గడవాలి. గడ్డి కోసేవాళ్లు, గీతలు వేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గేటు దగ్గర కూర్చునేవాళ్లు చాలావరకు జీతం తీసుకోని మనుషులే. చలికాలంలో వరసగా నాలుగు వారాలు వాన పడి ఆటలు వాయిదా పడితే ఆ నెల గల్లాపెట్టెలో ఏమీ ఉండదు. ఇలాంటి చోట నలభై మంది అదనంగా వస్తే లెక్క మారిపోతుంది. న్యూకాసిల్ స్టేడియంలో మనం నలభై మందిమి వెళ్లినా వెళ్లకపోయినా ఎవరికీ తెలియదు.

ఇది నేను ఇంతకుముందు ఒక సంఘం సమావేశంలో అన్నాను. ‘అంత చిన్న జట్టు ఆట ఎవరు చూస్తారు అన్నా, పెద్ద స్టేడియానికి పోదాం, ఫొటోలు బాగుంటాయి’ అన్నాడు ఒక తమ్ముడు. ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. కథ తెలియదు కాబట్టి అన్నాడు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇప్పుడు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇంకొకరు ‘మనది క్రికెట్, ఫుట్‌బాల్ మనకెందుకు’ అన్నారు. మనది కాకపోవటమేమిటి? హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడే కదా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు 1948 లండన్ ఒలింపిక్స్‌లో, స్వతంత్ర భారత జట్టు మొదటి ఒలింపిక్ ఆట ఆడింది వెంబ్లీలో కాదు, లండన్ తూర్పు శివారు ఇల్ఫర్డ్‌లోని చిన్న మైదానంలో. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడారు. ఇంగ్లండ్ చిన్న మైదానాలకీ మనకీ ఉన్న చుట్టరికం అప్పటిది.

అసలు సంగతి ఇంకొకటి. మనం ఈ ఊళ్లలో ఇళ్లు కొంటున్నాం, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివిస్తున్నాం. కానీ పక్కింటివాళ్లతో మన మాట వాతావరణం దాటి వెళ్లదు. వాళ్లకి మన గురించి తెలియదు, మనకి వాళ్ల గురించి తెలియదు. నేను ఈ క్లబ్బు ఆటకి వెళ్లటం మొదలుపెట్టిన రెండో నెలకల్లా గేటు దగ్గర ఆవిడ నన్ను పేరుపెట్టి పిలిచింది. ఒకసారి నాకు జ్వరం వచ్చి రెండు వారాలు వెళ్లకపోతే, మూడో వారం నలుగురు అడిగారు. మా నాన్న చనిపోయినప్పుడు నేను ఇంటికి వెళ్లి తిరిగి వస్తే, ఆ ముసలాయన ఏమీ మాట్లాడకుండా టీ తెచ్చి చేతిలో పెట్టాడు. హాస్టల్ గదుల్లో ఒంటరిగా ఉండే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. చదువు, పార్ట్‌టైమ్ పని, ఇంటికి ఫోన్, మళ్లీ పని. వాళ్లకి ఇలాంటి చోటు ఒకటి చూపించాల్సింది మనమే కదా.

వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెబుతాను. మందపాటి కోటు, తడిసినా పరవాలేదనుకునే బూట్లు వేసుకోండి. బయలుదేరే ముందు ఆట ఉందో, వానకి వాయిదా పడిందో కనుక్కోండి. పులిహోర డబ్బాలు ఈ ఒక్కరోజు ఇంట్లో వదిలేయండి. టీ బార్‌లో కొనుక్కుని తినండి, అది వాళ్ల ఆదాయం. లాటరీ టికెట్టు తలా ఒకటి కొనండి. పిల్లల్ని గోలు వెనక నిలబడనివ్వండి, ఆటగాళ్లు ఒకరినొకరు అరుచుకునే మాటలు కూడా వినిపిస్తాయి. (కొన్ని మాటలు పిల్లలు వినకూడనివి ఉంటాయి, ముందే చెప్పేస్తున్నాను.) ఆటకి ముందో తర్వాతో పచ్చికలో విగ్రహం చూడండి, కప్పు నకలు చూడటానికి కుదురుతుందేమో అడుగుదాం. వీలైతే వచ్చే ఉగాదికి ఒక ఆట బంతి ఖర్చు మన సంఘం పేరు మీద ఇద్దాం. హోటల్ హాలుకి పోసే అద్దెలో అది ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి. డరమ్‌కి దూరంగా ఉన్నవాళ్లు ఇంత ప్రయాణం చేయలేకపోతే మీ ఊరి చిన్న క్లబ్బుకే వెళ్లండి. బ్లైత్‌లో ఉంది, విట్‌బీలో ఉంది, ప్రతి ఊరికీ ఒకటి ఉంది.

ఆట శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. ఏ శనివారం అన్నది మీరే చెప్పండి. రెండు గంటల నుంచే గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఆ ముసలాయన కూడా వస్తానన్నాడు. మీ పిల్లలకి 1911 కథ తనే చెబుతానని మాట ఇచ్చాడు.

ఇట్లు,
ఇల్లెందు బొగ్గుబాయి ఫిల్లర్ కొడుకు,
ఇప్పుడు డరమ్ కౌంటీ నివాసి